ముత్తాత కూర్చున్న బండ

బాలగురుస్వామికి రాజపాళయంలో బ్యాండేజీ గుడ్డల అంగడి ఉంది, నోటినిండా ముత్తాత ఉన్నాడు. అంగడి పెట్టడానికి ఊళ్లోకి వచ్చిన రోజున ఆ ముత్తాత అయ్యనార్ కోవిల్ ఏటి ఒడ్డున ఒక బండ మీద కూర్చుని పెరుగన్నం తిన్నాడట. ఈ కథ మొదలైతే చాలు, ఇంట్లోవాళ్లకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. భార్య అలమేలు అయితే రాని కుక్కరు విజిల్ కూడా వచ్చిందని లేచిపోతుంది.

అందుకే నడక క్లబ్బు అభిరామి వచ్చి, "ఏటి వెంబడి పాతకాలపు చోట్లు చూపిస్తారా సార్? ఇరవైమందిమి వస్తాము" అని అడిగేసరికి ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్లకు వినేవాళ్లు దొరికారు. దారి తప్పకూడదని ముందు ఆదివారమే అలమేలును తోడు తీసుకెళ్లి, అంగడి గుడ్డ చించి, బండ దాకా మలుపుమలుపుకీ చెట్టుకు ఒక పేలిక కట్టి వచ్చాడు.

మనవాళ్ల సంగతి తెలిసీ ఆ పని చేశాడు చూడండి. చెట్టుకు గుడ్డ కనబడితే ఎందుకు కట్టారని ఎవరూ అడగరు. తామూ ఒకటి కట్టి, దండం పెట్టుకుని పోతారు. వారం తిరిగేసరికి ఏటి ఒడ్డున గుడ్డ లేని చెట్టు లేదు. ఒకదానికి పిల్లల నిక్కరు కూడా వేలాడుతోంది.

క్లబ్బునూ అలమేలునూ వెంటేసుకుని ఆయన తిరిగిన చోటే తిరిగాడు. చివరికి ఎక్కడో జనం కనబడితే అటు నడిచాడు. అక్కడ సేత్తూరు పాప, పేరుకే పాప, డెబ్బై దాటిన అవ్వ, ఒక బండ మీద కాళ్లు చాపుకుని చెట్టు మహిమ చెబుతోంది. ఆ బండ ముత్తాతదే.

"ఇది ఈనాటిది కాదు. మా అవ్వకి అవ్వ కాలంలోనే ఈడ గుడ్డ కట్టినారు" అంటోంది పాప.

క్లబ్బంతా చేతిరుమాళ్లు కట్టేసి, చుట్టూ చతికిలబడి వింటోంది. బాలగురుస్వామి వాళ్లను దాటుకుని బండ ముందుకొచ్చాడు.

"అవ్వా, మొదటి గుడ్డ నా అంగడిది. నేనే కట్టినాను."

"నువ్వే కట్టినావా? అట్లైతే నోరు తెరవకు నాయనా. మొదట కట్టినవాడు ఇల్లు చేరేదాకా మాట్లాడితే అందరి మొక్కులూ పోతాయి."

ఇరవైమందీ ఆయన వంక చూశారు. అభిరామి చేతులు జోడించింది. "మా అమ్మాయికి పరీక్ష ఉండాది సార్, దయచేసి."

ముత్తాత గొంతులోనే ఉండిపోయాడు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

తిరుగు బస్సులో అలమేలు కిటికీ పక్కన హాయిగా కూర్చుంది.

"పోయిన ఆదివారం మీ గుడ్డ పక్కనే నేనూ ఒకటి కట్టినాను. ఒక్క ఆదివారం ముత్తాత కథ లేకుండా చెవులకి ఓయ్వు కావాలని. ఇంత సీక్రం తీరుతుందనుకోలే" అంది.

బాలగురుస్వామి నోరు తెరిచాడు. ఇల్లింకా రాలేదు. మూసుకున్నాడు.