ఇరవైనాలుగు రోజుల పథ్యం

మా ఆయన ఒంటి పసుపు దిగింది. ఆస్పత్రిలో నోటి గుండా కెమెరా గొట్టం దించి, మూసుకుపోయిన పిత్తనాళంలో స్టెంట్ పెట్టి పది రోజులైంది. దురద పోయింది, కళ్ళు తెల్లబడ్డాయి. నాళాన్ని నొక్కేసిన కేన్సర్ గడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. స్టెంట్ దారి తెరుస్తుంది గానీ గడ్డను ఏమీ చేయదని డాక్టర్ చెప్పింది. రక్తంలో ఆ పసుపు, అదే బిలిరుబిన్, ఇంకా తగ్గితే కీమో మొదలుపెడతారట.

అంతకు ముందు ఇరవైనాలుగు రోజులు వైద్యం నాది. కామెర్లకి మా అమ్మ ఇచ్చే మందే: మజ్జిగలో నేలఉసిరి పొడి, ఉప్పూ నూనే లేని చప్పిడి పథ్యం. ఇక్కడ కెనడాలో, మా బ్రాంప్టన్ ఇండియన్ స్టోర్లో పొడి దొరికిందని మురిసిపోయాను కూడా. నొప్పి లేదుగా, ఎమర్జెన్సీలో పడిగాపులెందుకని నేనే ఆయన్ని ఆపాను. ఐటీలో ఇరవయ్యేళ్ళు పనిచేసిన దాన్ని, ఏం లాభం!

ఎన్నాళ్ళ నుంచి పచ్చబడ్డారని డాక్టర్ అడిగితే ఆయన "నాలుగు రోజులు" అన్నారు. నా వైపు చూడలేదు. నేనూ నోరు విప్పలేదు. అంతటితో ఆగారా? కేన్సర్ మాట దాచి, పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ "మా చంద్రకళ మందు పనిచేసింది" అని చెప్పుకొచ్చారు. విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చేదాన్ని.

నిన్న సాయంత్రం చారుకి పోపు వేస్తుంటే బేస్‌మెంట్లో అద్దెకుండే ధరణి పైకొచ్చింది. ఈ రెండేళ్ళలో మా వీధిలో ఏ బేస్‌మెంటూ ఖాళీ లేదు. మా కిందే ఐదుగురు కాలేజీ పిల్లలు, క్లాసులకీ షిఫ్టులకీ మధ్య ఎప్పుడూ సగం నిద్రలో ఉంటారు.

"ఆంటీ, మా రూమ్మేట్ మృదుల కండ్లు పచ్చగైనయి. వారం అయితాంది. అంకుల్‌కు తగ్గిన పొడి జర ఇస్తరా? క్లినిక్‌కు పోదామంటే షిఫ్ట్ పోతదంటది."

డబ్బా చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. ఇచ్చేస్తే నా పరువు నిలిచేది. హాల్లో ఆయన టీవీ సౌండ్ తగ్గించారు.

"ఆ పొడితో ఏమీ తగ్గలేదమ్మా," అన్నాను. "అంకుల్‌కి కేన్సర్. పసుపు దించింది స్టెంట్. నేను ఇరవైనాలుగు రోజులు ఈ పొడి తాగించి ఇంట్లో కూర్చోబెట్టాను. మృదులకి ఇంకేదైనా కావచ్చు, అది పరీక్ష చేస్తే గానీ తెలీదు. కోటు వేసుకోమను, నేను డ్రైవ్ చేస్తా."

ధరణి కిందికి పరిగెత్తింది. పొడి చెత్తబుట్టలో పోశాను. కారు తాళాల కోసం హాల్లోకి వెళ్తే ఆయన అప్పటికే తీసి పట్టుకుని ఉన్నారు.

"రేపు డాక్టర్‌కి ఇరవైనాలుగని చెప్తానండీ. అసలు నాలుగని ఎందుకన్నారు?"

ఆయన తాళాలు నా చేతిలో పెట్టారు.

"నా తర్వాత ఆ నింద మోస్తూ ఈ ఇంట్లో ఉండాల్సింది నువ్వు కదా, చంద్రా."