ఎడమ మోకాలు

కబడ్డీలో ఎడమ కార్నర్‌లో నిలబడేవాడు జట్టులో అందరికన్నా మొండివాడై ఉండాలి. కూతకు వచ్చిన రైడర్ లోపలికి ఒక్క అడుగు ఎక్కువ వేయగానే వంగి వాడి చీలమండ దొరకబుచ్చుకోవాలి. మిగతావాళ్లు వచ్చి మీద పడేదాకా, ముఖం మట్టిలో కూరుకుపోయినా సరే, వదలకూడదు. నేను పదకొండేళ్లు ఆ మూలలోనే నిలబడ్డాను. ఎడమ మోకాలు పాడైపోయి మానేశాను.

నా పేరు రాజలింగు. సొంతూరు నర్మెట్ట, ఉండేది జనగామలో. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టుకు కాలేజీ పిల్లలను చూసిపెట్టడం నా పని. పని అంటే బస్సులో కూర్చోవడం, చెమట కంపు కొట్టే గ్రౌండ్లలో నిలబడటం, రాత్రికి ఫలానావాడు పనికొస్తాడు, ఫలానావాడు పనికిరాడని కాగితం మీద రాయడం. నా మోకాలు వాన వచ్చే ముందు చెబుతుంది గాని, మనుషుల గురించి నాకు ఏ మోకాలూ చెప్పదు. చూసి తెలుసుకోవాల్సిందే. చూడటంలో మాత్రం నా అంతవాడు లేడని నాకు గట్టి నమ్మకం ఉండేది.

పోయిన ఏడాది వానాకాలంలో మా కోచ్ ఒక్కటే మాట చెప్పాడు. ఎడమ కార్నర్ ఒక్కడు కావాలి. ఆగస్టు ఒకటో తారీఖుకు ఇరవై రెండేళ్లు నిండకూడదు. ఆ వయసు దాటితే కొత్త పిల్లల కోటాలో తీసుకోరు, వేలంలోకి పోవాలి. వేలంలోకి పోవాలంటే జాతీయ స్థాయిలో ఆడినట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఊరి టోర్నమెంట్లలో మేకపోతులు గెలుచుకునేవాడికి ఆ సర్టిఫికెట్ ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి మా వైపు పిల్లలకు ఇరవై రెండు దాటిందంటే తలుపు పడిపోయినట్టే.

ముందు జనగామలో ఫైజల్‌ను చూశాను. చేతుల్లో బలం ఉంది గాని ఓపిక లేదు. రైడర్ ఊరికే కాలు ఆడించినా మీద పడతాడు. తర్వాత భూపాలపల్లిలో నిఖిల్. వంక పెట్టడానికి లేదు, మెచ్చుకోవడానికీ లేదు. కోచ్ గీసిచ్చిన గీతల మీదనే నడుస్తాడు. నేను కోచ్‌లను ఎప్పుడూ అడగను, ఎవరి పిల్లాడు వాళ్లకు గొప్ప. కార్నర్ ఎట్లాంటివాడో ఎదుటి జట్టు రైడర్‌ను అడగాలి. అందుకే తిరుగు దారిలో రేగొండలో దిగి, అక్కడి టోర్నమెంట్‌లో బాగా ఆడుతున్న సాగర్ అనే రైడర్‌ను పక్కకు పిలిచాను.

"నిజం జెప్పు తమ్మీ, ఎవని దిక్కు పోవాలంటే నీకు భయం?"

వాడు ఆలోచించనైనా లేదు. "మానుకోట కిషన్ అన్నా. వాని దిక్కు పోతే కాలు మనది గాదు, వానిదే."

మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటాం. మర్నాడే అక్కడికి పోయాను.

కిషన్ డిగ్రీ ఆఖరు ఏడాదిలో ఉన్నాడు. ఊరవతల తండా వాళ్లది. ఎత్తు తక్కువ, మాట తక్కువ. గ్రౌండ్‌లోకి దిగే ముందు గీతను వేలితో తాకి నుదుటికి పెట్టుకున్నాడు. ఆ తర్వాత ముప్పావు గంటలో పదకొండుసార్లు వంగాడు, తొమ్మిది కాళ్లు పట్టాడు. ఒకడైతే పట్టు విడిపించుకోలేక నవ్వేశాడు. ఇరవై అయిదేళ్ల కింద నన్ను నేను చూసుకున్నట్టుంది అంటే గొప్పలు పోయినట్టవుతుంది, నేను ఏనాడూ అంత బాగా ఆడలేదు.

ఆట అయ్యాక పిల్లలంతా మెట్ల మీదికి ఎక్కి నీళ్లు తాగి దిగుతున్నారు. కిషన్ దిగడం చూశాను. ప్రతి మెట్టుకూ ఎడమకాలే ముందు వేస్తున్నాడు, కుడికాలు దాని పక్కన తెచ్చి పెడుతున్నాడు. చూసేవాళ్లకు నిమ్మళంగా దిగుతున్నాడనిపిస్తుంది. నేను మాత్రం పోల్చుకున్నాను. ఎందుకంటే ఇరవై ఏళ్లుగా నేనూ అట్లాగే దిగుతున్నాను.

పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "మోకాలు ఎన్నడు పోయింది?"

"ఏ మోకాలు సార్?"

"నాతోని నాటకాలొద్దు బిడ్డా."

తల వంచుకున్నాడు. పోయిన ఎండాకాలం ఒక ఊరి టోర్నమెంట్‌లో కాలు మడతపడిందట. పట్టీ కట్టుకుని ఆడుతున్నాడట. ఆడిన రాత్రి వాస్తుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. ఇంట్లో చెప్పలేదు.

"రాయకున్రి సార్," అన్నాడు. "ఒక్కసారి లోపలికి పోనియ్యిన్రి. లోపలికి పోయినంక ఏమన్న గానీ."

ఈ మాట నేను కూడా అన్నాను, ఆడే రోజుల్లో అప్పటి మా కోచ్‌తో. ఆయన మంచివాడు, రాయలేదు. మూడో మ్యాచ్‌లోనే నా మోకాలు చెక్క విరిగిన చప్పుడు చేసింది. ఆ మంచితనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

"రాస్త," అన్నాను. "ఇప్పుడు ఆడితే కాలు శాశ్వతంగ పోతది. ఆపరేషన్ చేయించుకో, ఏడాది ఆట ముట్టకు. వచ్చే సాలు నేనే వస్త, నేనే తీస్కపోత. రాజలింగు మాటంటే మాట."

వాడు గీత వైపు చూశాడు. "ఏడాది అంటే మస్తు లేటు గద సార్," అన్నాడు. కోప్పడ్డాను. నీ వయసుకు ఏడాది ఒక లెక్కా అన్నాను. అన్నాక గాని వయసు అడగలేదని గుర్తు రాలేదు. ఆ మాట వాడిని అడిగి ఉన్నా సరిపోయేది. అడగలేదు. నాకు నా పద్ధతి ఉంది.

నా పద్ధతి ఏమిటంటే, వయసు సంగతి తల్లినే అడగాలి. ఆటగాళ్ల సర్టిఫికెట్లు నేను వేల కొద్దీ చూశాను. అందులో వయసు ఎప్పుడూ తగ్గే ఉంటుంది, పాతికేళ్లవాడు పద్దెనిమిదని తెస్తాడు. అసలు వయసు తల్లి నోట్లోనే ఉంటుంది. ఆ సాయంత్రమే తండాకు పోయాను. కిషన్ తండ్రి దేవ్యా మిర్చి చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆపరేషన్ మాట చెబితే మొగుడూ పెళ్లాలిద్దరూ కంగారుపడ్డారు. నేను ధైర్యం చెప్పాను. పోయేముందు తల్లిని అడిగాను.

"కిషన్ ఎప్పుడు పుట్టిండమ్మా?"

"తండాకు కరెంటు స్తంభాలు పాతిన సాలు," అంది ఆమె తడుముకోకుండా. "వాడు కడుపుల ఉంటే గుంతలు తీసిన్రు, పుట్టినంక తీగలు గుంజిన్రు."

మా వైపు తండాలకు కరెంటు వచ్చిన ఆ ఏడాది నాకు బాగా తెలుసు. వేళ్ల మీద లెక్కపెట్టాను. పంతొమ్మిది. వచ్చే ఏటికి ఇరవై. ఇంకా రెండేళ్ల తీరిక ఉంది. నిశ్చింతగా బస్సెక్కాను.

రిపోర్ట్‌లో రాశాను: ఆట అద్భుతం, ఎడమ మోకాలు దెబ్బతిన్నది, ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు తప్పక తీసుకోవాలి. మా ఆఫీసులో కాగితాలన్నీ చూసే కహ్కషాన్ ఫోన్ చేసింది. చిన్న వయసే గాని, గీసిన గళ్లన్నీ నిండేదాకా నిద్రపోనివ్వదు.

"లింగన్నా, కిషన్‌ది టెన్త్ మెమో జత చేయలేదు."

"ఈ ఏడు తీసుకుంటలేం గద, మెమో ఎందుకు?"

"వచ్చే ఏడు పేరు పట్టాలంటే వయసు రుజువు ఉండాలన్నా."

"వాళ్లవ్వను అడిగిన. నేను గీడనే పుట్టి పెరిగిన బిడ్డా, నీ మెమోకన్న నాకు ఎక్కువ తెలుసు," అన్నాను. ఆమె నొచ్చుకుంది. ఫోన్ పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

ఆ ఏడు భూపాలపల్లి నిఖిల్‌ను తీసుకున్నారు. సీజన్ మొత్తం బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చాడు.

కిషన్ మాత్రం నా మాట తుచ తప్పకుండా పాటించాడు. దవాఖానలో ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు కర్రతో నడిచాడు. ఆ తర్వాత పొద్దున్నే చేనుగట్ల మీద నడక, కాలికి ఇసుక సంచి కట్టుకుని కసరత్తు. చుట్టుపక్కల టోర్నమెంట్ల వాళ్లు ఇంటికొచ్చి బతిమాలినా పోలేదు. "లింగన్న వద్దన్నడు," అనేవాడట. దోస్తులు నవ్వారట. నెలకోసారి ఫోన్ చేసి, "సార్, ఇయ్యాల గొంతు కూర్చున్న," అని చెప్పేవాడు. మోకాళ్లు పూర్తిగా మడిచి గొంతు కూర్చోవడం కూడా ఒక వార్తేనా అని మా ఆవిడ ఆశ్చర్యపోయేది. మోకాలు పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది అది ఎంత పెద్ద వార్తో.

ఈ ఏడు ఆగస్టు మొదటివారంలో మానుకోట పోయాను. పన్నెండుసార్లు వంగాడు, పన్నెండు కాళ్లు పట్టాడు. ఆట అయ్యాక నేను చూస్తున్నానని తెలిసి కావాలనే మెట్లెక్కి, మెట్టుకో కాలు వేస్తూ, గబగబా దిగి వచ్చాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడి వాన పడుతోందన్నాను. వాన లేదు.

కోచ్ వీడియో చూసి సరేనన్నాడు. కాగితాలు తెమ్మంటే మూడోనాడు కిషన్ రైల్లో జనగామ వచ్చాడు. స్టేషన్ బయట చాయ్ హోటల్లో కూర్చున్నాం. కొత్త అంగీ వేసుకున్నాడు. ప్లాస్టిక్ కవర్లోంచి మెమో తీసి రెండు చేతులతో ఇచ్చాడు. నేను దాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌తో ఫొటో తీసి కహ్కషాన్‌కు పంపాను. అప్పుడు కూడా చదవలేదు. ఫొటో స్పష్టంగా వచ్చిందా లేదా అని మాత్రమే చూశాను.

చాయ్ చల్లారక ముందే ఫోన్ మోగింది.

"లింగన్నా, తారీఖు చూసినవా?"

"చూసేదేముంది, ఇరవై."

"జూన్ ఒకటి అన్నా. ఇరవై రెండు నిండి రెండు నెలలైంది."

మెమో దగ్గరికి తీసుకున్నాను. జూన్ ఒకటి. మా జిల్లాలో బడిపంతుళ్ల పుణ్యమా అని సగం మంది జూన్ ఒకటినే పుట్టారు, అది వింత కాదు. సంవత్సరం చూశాను. వేళ్ల మీద ఒకసారి, రెండోసారి, మూడోసారి లెక్కపెట్టాను. లెక్క మారలేదు. నా జన్మలో వయసు తగ్గించిన మెమోలే చూశాను. పెంచినది ఇదే మొదటిది.

"తప్పు పడ్డది బిడ్డా, అసలు వయసు ఇరవయ్యే," అన్నాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించింది.

"మనకు మెమోనే అసలన్నా. ఇప్పుడు దిద్దిస్తే ఒప్పుకోరు, వయసు మార్చుకునేటోళ్లు ఎక్కువైన్రని బంద్ చేసిన్రు." అంది. "పోయినేడు ఈ మెమో పంపి ఉంటే, ఇదే ఆఖరి చాన్స్ అని కోచ్‌కు తెలిసేది. మోకాలుతోనే పేరు రాసుకుని, బాగైనంక ఆడిస్తుండే. గిట్ల ఇద్దరిని తీసుకున్నరు గద."

ఆమె దెప్పిపొడవలేదు. దెప్పిపొడిచినా బాగుండేది.

కిషన్‌కు నా ముఖం చూసి అర్థమైంది. మెమో మీద వేలు పెట్టాడు. "గది బడి వయసు సార్. మా అక్క నాకంటే రెండేండ్లు పెద్దది. బడి వాగు అవతల ఉండె. అక్క ఒక్కతి పోనని ఏడిస్తే, తోడుకు నన్ను గూడ ఎక్కిచ్చిన్రు. నాలుగేండ్లోన్ని పంతులు చేర్చుకోనంటే, మా బాపు ఇద్దరు కవలలని జెప్పిండట."

"మరి పోయినేడు నాకెందుకు జెప్పలే?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. వాడు అబద్ధమాడలేదు, దాచలేదు. ఏడాది అంటే మస్తు లేటు అన్నాడు.

"మీరు అడగలే సార్," అన్నాడు మెల్లగా. "మీకు అన్నీ తెలుసనుకున్న."

చాయ్ డబ్బులు వాడే ఇవ్వబోయాడు, నేను చేయి నెట్టేశాను. మానుకోట బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని మైకులో చెబుతున్నారు. ఇద్దరం వంతెన ఎక్కాం. పైన గాలికి వాడి కొత్త అంగీ ఎగురుతుంటే మెమో ఉన్న కవర్‌ను ఛాతీకి అదిమి పట్టుకున్నాడు. అది ఇక ఎవరికీ అక్కర్లేని కాగితం.

దిగే మెట్ల దగ్గర వాడు మెట్టుకో కాలు వేస్తూ నాలుగు మెట్లు దిగాడు. ఎక్కడా తడబాటు లేదు. అంత చక్కగా అతికిన మోకాలును నేను ఇంతవరకు చూడలేదు. నేను కమ్మీ పట్టుకుని ఎడమకాలు ఒకటి, దాని పక్కన కుడికాలు ఒకటి పెడుతూ దిగుతున్నాను. వాడు వెనక్కి తిరిగి చూసి, మళ్లీ పైకి వచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

"బండి పోతది, నువ్వు పో," అన్నాను.

"పోనియ్యిన్రి."

"నన్ను తిట్టు కిషన్. తిట్టి పో."

వాడు తిట్టలేదు. విడిపించుకుందామని చేయి లాగాను, గట్టిగానే లాగాను. ఎడమ కార్నర్ పట్టు అది, ఊడిరాలేదు. కింద బండి వచ్చి ఆగింది, కదిలింది, వెళ్లిపోయింది. ఆఖరు మెట్టు దాకా వాడు నా చేయి వదల్లేదు.