పెద్ద పాస్‌వర్డ్ అడగని రోజు

చెల్లెలు కీబోర్డును తలకిందులు చేసి దులుపుతోంది. ముందుగదిలో రోజూ పొద్దున్నే జరిగే పని అది. మెత్తని కుంచెతో మీటల సందుల్లో దుమ్ము తీసి, తడిగుడ్డతో బల్ల తుడిచి, సీడీలు రాసే డ్రైవు ముఖాన్ని పొడిగుడ్డతో ఒత్తి, అప్పుడుగాని కుర్చీలో కూర్చోదు. ఆ నింపాది చూసే అన్న ఆమెకు నత్త అని పేరు పెట్టాడు. పెట్టిన పేరు ఇంట్లో పాతుకుపోయింది.

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న పిన్ని తల ఎత్తకుండానే అడిగింది. "మధ్యాహ్నానికల్లా ఎవడో ఎత్తుకుపోయే మిషనుకి ఎందుకే అంత సింగారం?"

నత్త తడిగుడ్డతో బల్ల అంచు మళ్లీ తుడిచింది.

ఆ ముందుగది వాళ్ల బతుకుతెరువు. పాత టేపుల్లోని పాటలూ, ఎప్పుడో తీసిన పెళ్లి వీడియోలూ, పోయినవాళ్ల మాటలూ శుభ్రం చేసి సీడీల మీదికి ఎక్కించి ఇస్తారు. చేతిలో ఇమిడే కొత్త సామాన్లు ఎన్ని వచ్చినా ఆ వీధిలో పెద్దవాళ్లకు గుండ్రటి సీడీ మీదే గురి. పెన్‌డ్రైవు అయితే జేబులో మరిచిపోయి బట్టలతోపాటు ఉతికేస్తారు. సీడీని ఇంతవరకూ ఎవరూ ఉతకలేదు.

ఇప్పుడు అన్నకు శీతల గిడ్డంగిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి పొద్దున వెళితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. అతను లేకపోతే ఈ గదిలో ఒక్క సీడీ కూడా బయటికి రాదు. ఎందుకంటే సీడీ రాయాలంటే మిషను పెద్ద పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ పాస్‌వర్డ్ అన్న బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. నత్తకున్నది చిన్న పాస్‌వర్డ్. దానితో పాటలు శుభ్రం చేసుకోవచ్చు, వీడియోలు కత్తిరించుకోవచ్చు. డ్రైవు దాకా వచ్చేసరికి మిషను గుమ్మంలోనే ఆపేస్తుంది. అన్న లేని గదికి మిషను దండగని ఇంట్లో తేల్చేశారు. పాత సామాన్ల వ్యాపారిని తీసుకురావడానికి అన్న పొద్దున్నే బయల్దేరాడు.

పోనీ ఆ పాస్‌వర్డ్ చెల్లెలికి చెప్పేస్తే పోలేదా అంటే, ఆ మాట ఎత్తితేనే అన్న ఉలిక్కిపడతాడు. ఒకప్పుడు అది పిన్నికి కూడా తెలుసు. మిషనులో చోటు చాలడం లేదని అన్న ఒకరోజు విసుక్కుంటే, ఇల్లు సర్దినట్టు సర్దుతానని కూర్చుని ఆవిడ ఒక పెళ్లి మొత్తం చెరిపేసింది. పెళ్లికూతురి అన్నల ముందు ఇతను నిలువునా నీరైపోయాడు. మా చెల్లికి మళ్లీ పెళ్లి చేయిస్తావా అని వాళ్లలో ఒకడు కాలర్ పట్టుకున్నాడట. పిన్ని మాత్రం ఇప్పటికీ తన తప్పు ఒప్పుకోదు. అందులో అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు, చూసుకోవడానికేముంది అంటుంది.

ఆ దెబ్బతో అన్న పాస్‌వర్డ్ మార్చేశాడు. ఇక ప్రతి సీడీకీ అతనే రావాలి. స్నానం చేస్తుంటే సబ్బు నురుగుతోనే వచ్చేవాడు. ఎడమ చెయ్యి కీబోర్డుకి అడ్డం పెట్టి, కుడిచేత్తో టకటకా కొట్టి వెళ్లిపోయేవాడు. తడి పాదాల గుర్తులు తుడవడం నత్త వంతు.

ఆమె ఊరుకోలేదు. ఆ కంప్యూటరుని నడిపేది లినక్స్ అనే వ్యవస్థ. దాని గురించి దొరికిందల్లా ఓపిగ్గా చదివింది. అందులో సీడీ డ్రైవు ఒక గ్రూపు చేతికింద ఉంటుంది. ఆ గ్రూపులో పేరున్న మామూలు మనిషి ఎవరైనా పెద్ద పాస్‌వర్డ్ ఊసు లేకుండా సీడీ రాసుకోవచ్చు. కిందటి నెల అన్నని బతిమాలి, ఆ గ్రూపులో తన పేరు చేర్పించింది. చేర్చగానే అక్కడే కూర్చుని ప్రయత్నించింది. మిషను కుదరదు పొమ్మంది. "చూశావుగా, ఇది నా మాట తప్ప వినదు" అని అన్న కాస్త గర్వంగానే లేచి వెళ్లాడు. కథ అక్కడితో ముగిసిపోయిందని అందరూ అనుకున్నారు.

నత్త కుర్చీలో కూర్చుందో లేదో సంగీతం మాస్టారు చెమటలు కక్కుతూ వచ్చారు. పిల్లల్ని తీసుకుని మధ్యాహ్నం బస్సుకి పక్క ఊరికి వెళ్తున్నారు. పాటల వెనక వాయించే వాద్యాల సీడీ ఆయనకు వెంటనే కావాలి. అన్న ఫోను చూస్తే వంటింటి గట్టు మీద మోగుతోంది. పిన్ని ఆయనకు మంచినీళ్లిచ్చి, సాయంత్రం రండని చెప్పి చూసింది. సాయంత్రానికి నేను పక్క ఊళ్లో ఉంటాను కదమ్మా అని ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

నత్త తెరవైపు తిరిగింది. తన పేరు ఏయే గ్రూపుల్లో ఉందో మిషనుని అడిగింది. సీడీ గ్రూపులో ఉందని చెప్పింది. అన్న రాసింది చెక్కుచెదరలేదు. సరే, ఇప్పుడు ఇక్కడ కూర్చున్న నేను ఏయే గ్రూపుల మనిషిని అని ఇంకో రకంగా అడిగింది. ఈసారి ఆ గ్రూపు పేరే రాలేదు.

మనిషి ఒక్కతే. జవాబులు రెండు.

ఆమె తల ఎత్తింది. తెరపైన గోడకు అన్న లావుపాటి అక్షరాలతో అంటించిన కాగితం ఉంది: లాగ్ అవుట్ చేస్తే చేతులు విరుగుతాయి. ఒకసారి కరెంటు పోయి మిషను ఆగిపోతే దాన్ని మళ్లీ దారికి తేవడానికి అన్నకి తలప్రాణం తోకకొచ్చింది. ఆనాటినుంచి బ్యాటరీ పెట్టి, దాన్ని ఆపనివ్వడు, ఎవర్నీ అందులోంచి బయటికి రానివ్వడు. రాత్రిళ్లు తెరకు తాళం వేసి గుడ్డ కప్పుతారు, అంతే. అంటే అన్న తన పేరు చేర్చినప్పుడు నత్త లోపలే ఉంది. ఆ తర్వాత ఒక్కసారీ బయటికి రాలేదు. గుమ్మం దగ్గర కొత్తగా చెప్పి పెట్టిన మాట, ముందే లోపలికొచ్చి కూర్చున్నవాళ్లకు ఎలా వర్తిస్తుంది? బయటికెళ్లి మళ్లీ గుమ్మం తొక్కాలి.

చేతిలో పని అంతా భద్రం చేసింది. "పిన్నీ, లాగ్ అవుట్ చేస్తున్నా" అంది.

పిన్ని చేతిలో దుప్పటి జారిపోయింది. "వద్దే తల్లీ. ఈ ఇంట్లో ఏది చెడినా నా పేరే చెప్తారు."

నత్త మౌసు మీద చెయ్యి పెట్టింది. మిషను తిరగబడితే కొనేవాడి ముందు అన్న పరువూ పోతుంది, తన ఆశా పోతుంది. అయినా నొక్కేసింది. తెర నల్లబడింది. తర్వాత తెర వెలిగి, ఎవరు నువ్వు అని అడిగింది. ఆమె తన పేరు చెప్పి, చిన్న పాస్‌వర్డ్ కొట్టింది. లోపలికి రాగానే పాత ప్రశ్న మళ్లీ వేసింది.

సీడీ గ్రూపు పేరు వచ్చింది. చివర్న, బుద్ధిగా.

కొత్త సీడీ పెట్టి, రాయమంది. మిషను పాస్‌వర్డ్ అడగలేదు. డ్రైవు గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, ఒక్కసారిగా పరుగందుకుంది. దీపం మిణుకుమిణుకుమంది. తెర మీద గీత పాకుతూ పాకుతూ ఆ చివరికి చేరింది. వెచ్చటి సీడీ బయటికొచ్చింది. మాస్టారు దాన్ని తన సంచిలోని ప్లేయరులో పెట్టి విన్నారు. కాసేపటికి ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాయి.

సరిగ్గా అప్పుడే అన్న వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. మాస్టారిని చూడగానే సంగతి అర్థమైనట్టు అలవాటుగా ఎడమ చెయ్యి అడ్డం పెట్టడానికి ముందుకొచ్చి, జరగమని చెల్లెలి భుజం తట్టాడు.

"అయిపోయిందన్నా" అంది నత్త.

అన్న మొహం మారింది. మెల్లగా పిన్ని వైపు తిరిగాడు.

"నావైపు చూస్తావేంట్రా? ఆ పాస్‌వర్డ్ నాకు తెలిసుంటే ఈపాటికి మొత్తం సర్దేసేదాన్ని" అంది పిన్ని.

నత్త జరిగింది చెప్పింది. "ఆ రోజు నువ్వు రాసింది సరిగ్గానే రాశావన్నా. నేనే లోపల్నించి కదల్లేదు."

అన్న కాగితం వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. కోపం రావాల్సిన చోట ఇంకో భయం వచ్చింది. సీడీలు రాయగలిగితే చెరపగలదు కూడానా? తన పేరు మీద దాచిన పెళ్లి వీడియోల ఫోల్డరు చూపించి, చెరపమన్నాడు. నత్త ప్రయత్నించింది. మిషను ఒప్పుకోలేదు. నమ్మకం కుదరక అన్న తనే కూర్చుని ఆమె పేరుతోనే మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ వద్దంది. మూడోసారి కూడా కాదనిపించుకుని పడీపడీ నవ్వాడు. అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. మాస్టారు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేశారు.

గుమ్మంలో నిలబడ్డ వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. "మరి మిషను?"

"ఏ మిషను?" అన్నాడు అన్న.

వ్యాపారికి టీ ఇచ్చి సాగనంపారు. వెళ్తూ వెళ్తూ అతను ఆగి, తమ నాన్న మాట్లాడిన టేపు ఒకటి ఇంట్లో పడి ఉంది, సీడీ మీద ఎక్కిస్తారా అని అడిగాడు. అడిగింది అన్నని కాదు, నత్తని. ఎక్కిస్తానంది.

తర్వాత పిన్ని పట్టుబట్టింది. తనూ ఈ ఇంటి మనిషేనంది, తన పేరు కూడా చేర్చాల్సిందేనంది. అన్న ఆలోచించి, ఆవిడకీ ఒక చిన్న పాస్‌వర్డ్ ఇచ్చి, గ్రూపులో చేర్చి, చేర్చాక తనే దగ్గరుండి బయటికి పంపి మళ్లీ లోపలికి రప్పించాడు. "ఎన్ని సీడీలైనా రాసుకో పిన్నీ, నీ ఇష్టం. చెరపడం మాత్రం నీ తరం కాదు." పిన్ని ఆ మాట పట్టించుకోలేదు. మొదటి సీడీ బయటికి రాగానే దాన్ని పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్లన్నీ తిరిగొచ్చింది.

సోమవారం పొద్దున్నే ముందుగది నిండిపోయింది. వ్యాపారి టేపుతో వచ్చాడు, అతని వెనక ఇంకెవరో. నత్త చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి తండ్రి గొంతులోంచో గరగర ఏరి తీసేస్తోంది. పక్కన డ్రైవు తన మానాన తాను తిరుగుతోంది. పిన్ని వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తోంది. అన్న కొత్త చొక్కా తొడుక్కుని, అన్నం డబ్బా చేతపట్టుకుని లోపలి గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. చెల్లెలు వెనక్కి తిరగలేదు. డ్రైవు దీపం ఆగి, సీడీ బయటికొచ్చి, ఆమె చూడకుండానే చెయ్యి చాపి దాన్ని అందుకోవడం చూశాడు. తర్వాత చెప్పులు వేసుకుని, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి ఒద్దికగా దారి చేసుకుని, వీధిలోకి దిగి వెళ్లిపోయాడు.