ఎర్రగుడ్డ ఊపిందెవరు?

"ఇంటికాడ కూకునే ఆడదానివి, నీకు అలుపేటే?" అని పొద్దున్నే మొగుడు యువరాజు అన్న మాటను నెమరేసుకుంటూ బుచ్చమ్మ ఒడ్డున నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. తెల్లారకముందే లేచి నీళ్ళు మోసింది, వల చిక్కులు తీసింది, ఇప్పుడీ రెండు గంపలు. ఆ మహానుభావుడు మాత్రం తెప్ప నీడన గుర్రుపెడుతున్నాడు.

అంతలో నెత్తిమీద ఓ ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఇద్దరు పట్టే చిన్న విమానం. ముందున్న పంకా తిరగడం లేదు, ఒడ్డు వెంబడే చప్పుడు లేకుండా కిందికి వచ్చేస్తోంది. అదీ పొడి ఇసుక మీదికి. అక్కడ ఎడ్లబండే కూరుకుపోతుంది! బుచ్చమ్మ నడుముకున్న ఎర్రగుడ్డ లాగి నీళ్ళ అంచుకు పరిగెత్తింది.

కెరటాల అవతలి నుంచి తెప్పకు దారి కనపడదు. ఏ సందులోంచి రావాలో ఒడ్డున ఉన్న ఆడవాళ్ళే గుడ్డ ఊపి చెబుతారు. పద్దెనిమిదేళ్ళుగా మొగుణ్ణి ఆమె అలాగే ఒడ్డుకు చేరుస్తోంది. విమానానికీ ఇటు రమ్మని అలాగే గుడ్డ ఊపి పక్కకు తప్పుకుంది. అది ఒరిగి, గట్టిగా ఉన్న తడి ఇసుక మీద దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ ఆగింది.

ఊరంతా నెత్తళ్ళు తొక్కుకుంటూ వచ్చి పడింది. "ఎర్రగుడ్డ ఊపిందెవరు? వాళ్ళు లేకపోతే మేం లేం" అన్నాడు పైలట్. పరుగుకు రొప్పుతున్న బుచ్చమ్మ నోరు తెరిచేలోపే ఆమె చేతిలో గుడ్డ లాక్కుని, "నేనేనండి" అన్నాడు యువరాజు, నిద్రకళ్ళు నులుముకుంటూ.

పలాస నుంచి వచ్చిన విలేకరి గుడ్డతో సహా అతని ఫోటో తీసుకుని, "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగాడు.

"ఏటీ సెయ్యదండి. ఇంటికాడే ఉంటాది."

ఆ మాటకు వచ్చినంత ఏడుపు బుచ్చమ్మకు నలిగిన చేపల్ని చూసినా రాలేదు. ఇంటికెళ్ళి నిలదీస్తే, "నా పేరొత్తే నీ పేరొచ్చినట్టు కాదేటే?" అన్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం యువరాజు తెప్ప కెరటాల అవతల ఆగింది. బుచ్చమ్మ చేపలు తిరగేస్తూ కూర్చుంది. గుడ్డ నడుముకే ఉంది.

"ఏయ్!" అని అరిచాడు. కాసేపటికి, "ఓసే!"

"నిన్నేనే, గుడ్డ ఊపు" అంది పక్కనున్న రత్నాలమ్మ.

"ఏటీ సెయ్యని దాన్ని కదొదినా."

ఎండలో తెప్ప ఊగుతోంది. చివరికి అతను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "బుచ్చమ్మా! నువ్వు ఊపితేగానీ రాలేనే!"

ఆ కేక ఒడ్డంతా విన్నది. బుచ్చమ్మ లేచి చీరకు అంటిన ఇసుక దులుపుకుంది.

"సరిగ్గా ఇనపడలేదొదినా. ఎవరు ఊపాలో మల్లీ ఓ పాలి సెప్పమను."