గాడి తప్పని సూది

రికార్డు ప్లేయరు సూది మళ్లీ ఎగిరింది. డిస్కుల బాబాయి చెయ్యి దాని దగ్గరికే పోలేదు, పాట తనంతట తానే ముందుకు దూకింది. డాన్సు నేర్చుకుంటున్నవాళ్లు అడుగు తప్పి ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. సూది ఎగరకుండా దాని నెత్తిన అంటించిన నాణేన్ని వేలితో నొక్కాడు.

పాత గోదాము మీది ఆ మేడ హాల్లో జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఆయనే డిస్కులు తిప్పుతున్నాడు. అతుకు తెలియకుండా పాటలో పాట కలపడం, డిస్కును వేళ్లతో ముందుకీ వెనక్కీ గీకి తాళం పుట్టించడం. చెప్పుకోదగ్గది ఆయన బతుకులో ఇంకేమీ లేదు. పిల్లలు లేరు. డాన్సుకొచ్చేవాళ్లు "బాబాయ్" అంటే చాలు, పొంగిపోయేవాడు.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"సూది కాదండీ, నేలే అదోలా ఉంది. అడుగేస్తే నులకమంచంలా దిగుతోంది."

"నీ ఒళ్లు పెరిగిందేమోలే."

ఆవిడ నవ్వలేదు. "ఓనరుకు ఒక్క మాట చెప్పండి."

"చెబితే రిపేరని తాళం వేస్తాడు. ఈ వయసులో నన్నింకెవరు పిలుస్తారే?"

చెయ్యి కడుక్కుని సౌండు సామాన్ల కొట్టుకు వెళ్లాడు. కొట్టతను సూది ఉండే కార్ట్రిడ్జిలు రెండు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది తియ్యగా పలుకుతుందన్నా, కానీ సుకుమారం. గీకితే నిలవదు. ఇదేమో చవక. మొన గుండ్రం, మహా మొండిది. బరువేసి నొక్కినా ఓర్చుకుంటుంది. డిస్కులు కాస్త తొందరగా అరుగుతాయి, అంతే."

"ఎగరదుగా?"

"నేల కదిలినా ఎగరదు."

బాబాయి చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. "అదే ఇవ్వు," అన్నాడు.

సాయంత్రం డాన్సువాళ్లు ఇంకా రాలేదు. వెంట్రుకల్లాంటి తీగలు ఒక్కొక్కటే తగిలించి, మరలు బిగించి, బరువు సరిచేసి, కొత్త సూదిని డిస్కు మీద దించాడు. గీకాడు. ఇంకా గట్టిగా గీకాడు. పాట ఎక్కడా తెగలేదు. కాళ్ల కింద గోదాములో ఏదో పెళపెళమంది. ఆయన సౌండు పెంచాడు.

వీధి మలుపు తిరుగుతున్న డాన్సువాళ్లకు ఆ పాట వినిపించింది. బాబాయి ఇవాళ హుషారుగా ఉన్నాడు అనుకున్నారు. అంతలో పాట ఆగిపోయింది.

దుమ్ము అణిగేసరికి హాలు లేదు, వెనక గోడ ఒక్కటే నిలిచి ఉంది. కబురందుకుని భార్య వచ్చింది. చీకటి పడకముందే ఆయన్ని బయటికి తీసి, దుప్పటి కప్పి తీసుకెళ్లారు. ఎవరో "పద పిన్నీ" అంటున్నా ఆవిడ కదల్లేదు, తలెత్తి చూస్తూనే ఉంది. అంత ఎత్తున, ఉక్కపోతకు ఆయన విప్పి మేకుకు తగిలించిన గళ్లచొక్కా, మోచేతుల దాకా మడిచిన మడతలైనా చెదరకుండా, కింద నేల లేని గోడకు వేలాడుతోంది.