పియెదాద్ ఇంటికే తిరిగొచ్చిన కేకు

కాస్త ఆగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి.

క్రిస్మస్ పొద్దున చర్చిలో పూజ ముగించుకుని పియెదాద్, ఆమె మొగుడు కాయెతాన్ ఇంటికొచ్చేసరికి పక్కింటి కెరొబినా పంపిన పిండివంటల పళ్ళెం వరండా అరుగు మీద చిందరవందరగా ఉంది. కప్పిన అల్లిక గుడ్డ మెట్ల మీద పడుంది. కజ్జికాయల్లాంటి కొబ్బరి నెవ్రీలు అలాగే ఉన్నాయి, వాటి పక్కన మాత్రం ఏదో నల్లటి పొడి మిగిలింది, అక్కడ పళ్ళెం నాకేసి ఉంది. కుక్క రెక్సీ తోకైనా ఊపకుండా తూలుతూ వచ్చి గోడవారన కూలబడింది.

పోయిన ఆదివారమే కదా కెరొబినా గోడ మీంచి అంది, "నీ కుక్క నోరెలా మూయించాలో నాకు తెలుసు" అని!

"విషం పెట్టింది!" వీధంతా వినబడేలా అరిచింది పియెదాద్. "ఏటా చేతికే ఇచ్చే మనిషి, ఈసారి మనం లేనప్పుడు వచ్చి అరుగు మీద పెట్టిపోవడమేంటి?"

"తర్వాత అరుద్దువుగానీ, ముందు ఉప్పునీళ్ళు పట్టిద్దాం, కక్కేస్తుంది," అంటూ కాయెతాన్ గ్లాసు తెచ్చాడు.

అదృష్టం, ముందు మాపుసా పట్నంలోని పశువుల డాక్టరుకు ఫోన్ చేశారు.

"ఉప్పునీళ్ళా? వద్దే వద్దు, అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఏం తింది, ఎంత తింది, ఎంతసేపైంది?"

"విషం తింది డాక్టర్! పక్కింటావిడ పెట్టింది!"

"ఎవరు పెట్టారో పోలీసులకు చెప్పుకోండమ్మా. ఏం పెట్టారో నాకు చెప్పండి. అడిగి, వెంటనే బయల్దేరండి."

తెలిసింది ఒక్క కెరొబినాకే. పియెదాద్ గోడ దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ నడుం మీద చేతులేసుకుని నిలబడే ఉంది.

"తిట్టడానికొచ్చావా, అడగడానికొచ్చావా?"

"ఆ పళ్ళెంలో ఏం కలిపావు బాయీ?"

"నెవ్రీలు నావి. కేకు నీదే!"

"నాదా?"

"నిన్న నువ్వే కదా పంపావు! నాకు షుగరు, పైగా అంత రమ్ము. పారేయలేక నా పళ్ళెంలో సర్దేశా. ఐదు ముక్కలు. ఎనిమిదిన్నరకు పెట్టా."

ఒకరింటి నుంచి వచ్చింది ఇంకొకరికి పంపేయడం ఆ వాడలో చేయనిదెవరు? పొద్దున పియెదాద్ కూడా ఎవరో ఇచ్చిన కొబ్బరిపాల మిఠాయి దొదోల్‌ను ఇంకొకరికి పంపి వచ్చింది. ఆ కేకులో నెలరోజులు రమ్ములో నానిన కిస్మిస్‌లు. ఈసారి ఇంకో రెండు గుప్పెళ్ళు ఎక్కువే వేసింది, తన చేత్తోనే!

"కిస్మిస్, దానికి తోడు రమ్మా?" ఫోన్లో డాక్టరు గొంతు మారింది. "కిస్మిస్ కుక్కల కిడ్నీలు తినేస్తుందమ్మా. గంటే కదా అయింది, ఇంకా టైముంది. లేచి గంతులేసినా సరే, ఆగకుండా రండి!"

సూదేసి కక్కించారు, రెండు రోజులు సెలైన్ ఎక్కించారు, మూడో రోజు రక్తం పరీక్ష బాగానే వచ్చింది. ఇంటికి రాగానే రెక్సీ గోడెక్కి మొట్టమొదట కెరొబినా మీదే మొరిగింది.

ఇప్పుడు ఆ పళ్ళెం పియెదాద్ వంటింట్లో ఉంది. ఖాళీగా తిరిగివ్వకూడదు. వీధంతా వినబడేలా వేసిన నింద, వీధంతా వినబడేలానే వెనక్కి తీసుకోవాలి. అయినా మనసులో ఒక మూల ముల్లు: కుక్క మూతికి అందే అరుగు మీదే ఎందుకు పెట్టింది?

మీరైతే ఆ పళ్ళెంలో ఏం పెట్టి, ఏ మొహంతో ఆ గోడ దగ్గరికి వెళ్తారు?