దొర జీపు బ్రేకులు

అమ్రాబాద్ నుంచి అచ్చంపేట పోయే రోడ్డు పక్కన నాలుగు గుంజలు పాతి, పైన రేకులు కప్పి ఏసోబు ఒక షెడ్డు వేసుకున్నాడు. గుంజలు ఏసోబువి, రేకులు ఏసోబువి, సికింద్రాబాద్ మిలిటరీ వర్క్‌షాపులో ఆరేళ్లు ఒళ్లు మసి చేసుకుని నేర్చుకున్న పనీ ఏసోబుదే. కింద జాగా మాత్రం అమరేందర్ రావు దొరది. దొర తలుచుకుంటే ఏ పొద్దున్నో నలుగురిని పంపి గుంజలు పీకించగలడు. ఆ భయానికే ఏసోబు ఐదేళ్లుగా దొర జీపును ఉత్తపుణ్యానికి బాగుచేస్తున్నాడు.

జీపంటే ఏదో జీపనుకునేరు! మిలిటరీవాళ్లు ఇక మావల్ల కాదు బాబోయ్ అని వేలంలో వదిలించుకున్న బండి అది. దొర దాన్ని కొనుక్కొచ్చి ఎర్రరంగు వేయించాడు. డ్రైవర్ సీటు మీద చిరుతతోలు పరిపించాడు. రెండు రకాల హారన్లు పెట్టించాడు. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు. బ్రేకులు ఊళ్లోవాళ్లకు కనబడవు కదా, వాటి మీద ఖర్చు దేనికి?

అప్పట్లో ఆ జీపు నడిపే డ్రైవర్ పర్వతాలు ఆర్నెల్లు మొత్తుకున్నాడు. "దొరా, ఘాటురోడ్డు దిగుతాంటే పెడలు మొత్తం లోపలికి పోతాంది. రబ్బరు వాషర్లు మార్పియ్యాలె" అన్నాడు. దొర విననే లేదు. పైగా బ్రేకు ఆయిలు తగ్గిందంటే గుమాస్తా రామచంద్రయ్య దొరవారి గానుగలో ఆడిన ఆముదం తెచ్చి పోశాడు. డబ్బాల్లో అమ్మే బ్రేకు ఆయిలు కూడా ఆముదంతోనే చేస్తారని ఎవడో చెప్పాడట. నిజమే, చేస్తారు. అందులో ఇంకా ఏమేం కలుపుతారో చెప్పినవాడు చెప్పలేదు, విన్న మహానుభావుడు అడగలేదు. రెండు నెలల్లో ఆముదం పైపుల నిండా బంకైపోయింది. ఒకనాడు మన్ననూరు దాటాక ఘాటులో జీపు ఆగనంటే ఆగనంది. పర్వతాలు దాన్ని గుట్టకు ఒరిపించి ఆపి, తాళంచెవి దొర చేతిలో పెట్టి, ఓ దండం కూడా పెట్టి, వెదురు లారీ నడపడానికి పోయాడు.

"పోతే పోనియ్, నేనే నడుపుత" అన్నాడు దొర. నడపడం దొరకు వచ్చు. ఆపడం దొరకూ రాదు, జీపుకూ రాదు.

అట్లాంటి జీపుకు మంచిరోజు వచ్చిందంటే అది అరవై నాలుగులో పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఎన్నిక వల్లనే. మెంబర్లే చేతులెత్తి ప్రెసిడెంటును ఎన్నుకోవాలి. తనూ ఒక మెంబరైన దొర నిలబడ్డాడు. సమితిలో ఆడమెంబరు ఉండాలన్నారని ఏసోబు భార్య జంగమ్మను దొరే చేర్పించాడు. నోరెత్తదు, ఎత్తమన్నప్పుడు చెయ్యి ఎత్తుతుంది అని ఆయన లెక్క. జంగమ్మ నోటి సంగతి ఊరంతటికీ తెలుసు, దొరకు తప్ప. "నేను గెలుస్తే షెడ్డు జాగా నీ పేరు మీద రాసిస్తరా" అని ఏసోబుకు అందరి ముందర మాటిచ్చాడు. ఆ మాట విన్ననాటి నుంచి ఏసోబుకు కంటి మీద కునుకు లేదు. జాగా తనదైతే గోడలు లేపొచ్చు, ఇంకెవరి బండీ ఉత్తగా ముట్టనక్కర్లేదు. ఆ దొర గెలవాలని దొరకంటే ఎక్కువ కోరుకున్నది ఏసోబే.

ఎన్నిక అచ్చంపేటలో, మధ్యాహ్నం రెండింటికి. దొర, జంగమ్మ జీపులోనే పోవాలి, ఘాటు దిగాలి. అందుకని ఏసోబు వారం ముందునుంచే జీపును విప్పిపెట్టుకున్నాడు. పైపులన్నీ స్పిరిటుతో కడిగి ఆముదం బంక వదిలించాడు. హైదరాబాదు నుంచి వాషర్లు, ఒక డబ్బా ఆయిలు తెప్పించి వేశాడు. ఎన్నికనాడు పొద్దున్నకు మిగిలింది ఒక్కటే పని, గాలి తీయడం.

ఆ పని ఒక్కడితో కాదు. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఒకరు కింద పడుకుని చక్రం దగ్గరి నట్టు వదులు చేయాలి. గాలి బుసబుసా బయటికొస్తుంది. నట్టు బిగించాకే పైనున్నవాడు కాలు తీయాలి. ముందే తీశాడా, పోయిన గాలి మళ్లీ లోపలికొస్తుంది, పైపులో గాలుంటే బ్రేకు పడదు. అంటే కింద పడుకున్నవాడు చెప్పాలి, సీట్లో కూర్చున్నవాడు వినాలి. ఇంతే. ఇంత చిన్న పనికి ఆ పొద్దున మూడు గంటలు పట్టింది!

"జంగమ్మ తొక్కుతది దొరా, ఆమెకు అలవాటే" అన్నాడు ఏసోబు.

దొర మొహం కందగడ్డయింది. "నా సీట్లనా? మీరు కూసుంటరా? గంత మీదికొచ్చినారురా?" అన్నాడు. ఆమె వెనక రేకు మీద కూర్చుని వచ్చి ఓటు వేయాలి, సీటు మాత్రం ముట్టరాదు. జంగమ్మ కొంగు నడుముకు చుట్టుకుని పక్కకు నిలబడింది, చూద్దాం వీళ్ల సంబడం అన్నట్టు.

రామచంద్రయ్య ఎక్కాడు. రెండుసార్లు తొక్కాడో లేదో మోకాళ్లు పట్టేసి "అమ్మో" అని దిగిపోయాడు. ఇక దొరే కూర్చోవాల్సి వచ్చింది.

"తొక్కి పట్టుండ్రి దొరా" అన్నాడు ఏసోబు కిందనుంచి.

దొర తొక్కలేదు. "నాకు చెప్తున్నవారా నువ్వు? నన్ను తొక్కు, ఇడువు అంటవా?"

కింద మట్టిలో వెల్లకిలా పడుకున్న ఏసోబుకు ఒళ్లు మండిపోయింది. అయినా జాగా గుర్తొచ్చి పానా ఇంకో చేతికి మార్చుకున్నాడు. రామచంద్రయ్య అప్పుడొక గొప్ప ఉపాయం కనిపెట్టాడు. ఏసోబు తనకు చెప్తాడట, తను దొరవారికి మనవి చేస్తాడట.

"తొక్కాలె అయ్యా."

"దొరవారూ, తమరు దయచేసి పాదం మోపాలె."

దొర పాదం మోపాడు. ఏసోబు నట్టు వదిలాడు. గాలి బుస్సుమంది. "పట్టుకోవాలె, ఇడవొద్దు!" అని అరిచాడు.

"దొరవారూ, తమరు పాదం తీయకుండ ఇంకొంచెం సేపు..."

రామచంద్రయ్య మనవి సగంలో ఉండగానే దొర విసుక్కుని కాలు తీసేశాడు. పోయిన గాలి గుటుక్కున లోపలికొచ్చింది. మళ్లీ మొదలు. మళ్లీ మనవి. మళ్లీ గుటుక్కు. ఇట్లా ఇరవైసార్లయింది. జంగమ్మ నవ్వు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొద్దు నెత్తి మీదికి వస్తున్నా ఒక్క చక్రం కూడా కాలేదు.

చివరికి దొరే "ఐపోయింది, గట్టిగనే ఉంది, నడువుండ్రి" అని జీపు స్టార్టు చేయబోయాడు. ఏసోబు కిందనుంచి లేచి పెడల్‌ను చేత్తో నొక్కి చూపించాడు. అది మెత్తగా అడుగుదాకా పోయింది.

"దొరా, గీ బండి ఘాటు దిగదు. పడుతది" అన్నాడు.

"నేనెక్కను" అంది జంగమ్మ. "నీ గెలుపు కోసం నేను లోయల పడాల్నా? ఓటు కావాల్నంటే జర దిగి నిలబడు. పావుగంటల నేను తొక్కి ఇడుస్త."

పన్నెండు కావస్తోంది. దొర దిగి, గుట్టల వైపు తిరిగి నిలబడ్డాడు, చూడకపోతే జరగనట్టేనని కాబోలు. జంగమ్మ చిరుతతోలు మీద కూర్చుంది. "తొక్కు" అంటే తొక్కింది, "ఇడువు" అంటే విడిచింది. మాటకు మాట పడింది, నాలుగు చక్రాలూ ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. పెడల్ రాయిలా గట్టిపడింది. ఏసోబు మొహం వెలిగిపోయింది. ఇంకేముంది, జాగా తనదే! డ్రైవర్ కాళ్ల దగ్గర రేకు కింద ఉండే ఆయిలు పాత్ర మూత తీసే ఉంది. డబ్బా అడుగున మిగిలిన ఆయిలు అందులో పోసి మూత బిగిస్తే సరి. జంగమ్మ దిగింది. ఏసోబు డబ్బా కోసం షెడ్డులోకి పోయాడు.

బయటికి వచ్చేసరికి రామచంద్రయ్య బిందె ఎత్తి పట్టుకుని జీపు కడుగుతున్నాడు.

పసుపు నీళ్లు. సీటు మీద ఒక బిందె అప్పటికే అయిపోయింది. రెండోది పెడల్ మీద, ఆమె పాదాలు పెట్టిన రేకు మీద కుమ్మరిస్తున్నాడు. దొర పక్కన నిలబడి "గా మూలకు కూడ పొయ్యి" అని చూపిస్తున్నాడు. ఆ మూలనే మూత తీసిన ఆయిలు పాత్ర ఉంది. ఏసోబు "అయ్యయ్యో, ఆపుండ్రి!" అని ఉరికాడు. అప్పటికే పాత్ర నిండి పచ్చటి నీళ్లు పైకి పొర్లుతున్నాయి.

ఏసోబు ఆ నీళ్ల వైపు చూస్తూ అక్కడే కూలబడ్డాడు. వారం రోజుల కష్టం. "బ్రేకు ఆయిల్ల నీళ్లు కలిసినయి దొరా. ఘాటుల బ్రేకు కాగుతది, నీళ్లు మసిలి ఆవిరైతయి. పెడలు ఉత్తదే అయితది. మళ్ల అంత కడగాలె. కొత్త ఆయిలు లేదు" అన్నాడు.

"నీళ్లే గద, పసుపే గద! పవిత్రమే గద!" అన్నాడు రామచంద్రయ్య.

అప్పుడే మన్ననూరు మీదుగా అచ్చంపేటకు పోతూ ఒక వెదురు లారీ వచ్చింది. నడిపేది పర్వతాలే. జంగమ్మ రోడ్డుకు అడ్డం పోయి ఆపి, క్యాబిన్‌లో ఎక్కి కూర్చుంది.

"దొరా, రాండ్రి, ఒక మనిషికి జాగా ఉంది" అన్నాడు పర్వతాలు. అతను ఎగతాళికి అన్నాడో మర్యాదకే అన్నాడో గానీ, జాగా మాత్రం నిజంగానే ఉంది, జంగమ్మ పక్కన.

"నేను మీద వెదురు మీద కూసుంట, నువ్వు ఈడ కూసో దొరా" అంది జంగమ్మ. ఆమెకు దొర మీద ప్రేమ కాదు, షెడ్డు జాగా మీద ఆశ.

దొర ఆమె కూర్చున్న సీటు వైపు చూశాడు. రామచంద్రయ్య చేతిలో బిందె వైపు చూశాడు. బిందె ఖాళీ. "దొర లారీల పోతడా?" అన్నాడు. రామచంద్రయ్య వెంటనే అందుకున్నాడు. "తమరు పోవుడెందుకు దొరా? తమ చెయ్యి లేకున్నా మనోళ్లు పదిమంది ఉన్నరు, అవతలోళ్లు ఎనిమిదే. తమరు ఇంట్ల పండుకున్నా గెలుస్తరు" అన్నాడు. ఆ మాట దొరకు ఎంత తియ్యగా అనిపించిందో! లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. దొర ఇంటికి పోయి భోంచేసి పడుకున్నాడు. ఏసోబు ఆ రాత్రంతా షెడ్డు ముందర రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

తెల్లారి లారీలో జంగమ్మ తిరిగొచ్చింది. ఆమె చెప్పింది విని ఏసోబు పలుగు తీసుకుని తన గుంజలు తనే పీకడం మొదలుపెట్టాడు. ఇంకొకడి చేత పీకించుకోవడం కంటే అదే నయమనిపించింది.

రెండు గుంజలు పీకేసరికి రామచంద్రయ్య వచ్చాడు. "దొర మస్తు గరమున్నడు. నువ్వే మోసం చేసినవంట, జంగమ్మా. మెంబర్లు చేతులెత్తంగ నువ్వు ఎత్తలేదంట. షెడ్డు తీసెయ్యమన్నడు. తీసే ముందర జీపు బాగుచేసి పొమ్మన్నడు."

జంగమ్మ షెడ్డు మీంచి దింపిన రేకు కింద పెట్టి నిటారుగా నిలబడింది.

"ఎత్తిన. అందరు చూస్తాంటే ఎత్తిన, గీ జాగా కోసం ఎత్తిన. మీ పదిమందిల ఒకడు అవతలికి తిరిగిండు. చెరి తొమ్మిదైనయి. ఇద్దరి పేర్ల చిట్టీలేసి తీస్తే అవతలోని పేరొచ్చింది. ఇంకొక్క చెయ్యి లేసుంటే మీ దొర కుర్సీల కూసుండేటోడు. గా చెయ్యి ఎవ్వనిదో, గప్పుడు ఏడున్నదో, పోయి మీ దొరనే అడుగు."